ఫెన్యేర్ పేరుతో వచ్చినవాళ్ళు

ఆ పేరును దొంగ చేతిలో పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలిక.

సరయేవోలో, ట్రాము మలుపు తిరిగేచోట ఉన్న పాత భవనం మూడో అంతస్తులో మా ఆఫీసు. మా దేశం గుర్తుతో ముగిసే ఇంటర్నెట్ చిరునామా ఎవరికి కావాలన్నా మా దగ్గరే నమోదు చేయించుకోవాలి. మేం నలుగురం. డైరెక్టరు వింకో, కంప్యూటర్లు చూసుకునే ఇద్దరు, దరఖాస్తులు చూసే నేను. నా పేరు ఫాహిరా. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే నడుంనొప్పి. మా నియమం ఒక్కటే: ముందు అడిగినవాడికి ముందు. పేరు ఖాళీగా ఉంటే ఇచ్చేస్తాం. వాడెవడు, ఎందుకడిగాడు అన్నది మాకక్కర్లేదు. దానికి అడ్డు ఒక్కటే ఉంది, రక్షిత పేర్ల జాబితా. అందులో ఉన్న పేరు అసలు సంస్థకు తప్ప ఇంకెవరికీ దక్కదు.

ఆ జాబితా తయారైన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ప్రపంచమంతటా పనిచేసే పెద్ద సహాయ సంస్థల పేర్లు బయటినుంచే తయారుగా వచ్చాయి. వాటి మీద ఎవరూ నోరెత్తలేదు. గొడవంతా ఇంటి సంస్థల దగ్గరే. యుద్ధంలో అన్నం పెట్టినవి, అనాథలను సాకినవి, మందుపాతరలు ఏరినవి ఎన్నో ఉన్నాయి. యుద్ధంలో తలపడ్డ మూడు జాతులకీ సమానంగా కమిటీలో తొమ్మిదిమంది: బోస్నియాక్‌లు ముగ్గురు, సెర్బులు ముగ్గురు, క్రొయేట్లు ముగ్గురు. మా దగ్గర వీధికుక్కలు పట్టడానికి కమిటీ వేసినా లెక్క అదే. కాబట్టి పేర్లు కూడా తలా పది ఉండాలన్నారు. మూడు కాలమ్‌లు గీశారు. ముప్ఫై పేర్లు నింపేసరికి మూడు నెలలు పట్టింది.

ఫెన్యేర్ దగ్గర బండి ఆగిపోయింది. ఫెన్యేర్ అంటే లాంతరు. యుద్ధంలో కనిపించకుండా పోయినవాళ్ళను వెతికే చిన్న సంఘం అది. పెట్టింది స్లావోయ్‌కా అనే రిటైరైన పోస్టుమనిషి. ఆమె సెర్బు. కారు నడిపే ఎష్రెఫ్ బోస్నియాక్. ఇద్దరూ కలిసి ఏ ఊరైనా వెళతారు, ఎవరి బిడ్డనైనా వెతుకుతారు.

"మీ మనిషి పెట్టిందిగా, మీ కాలమ్‌లో వేసుకోండి," అన్నాడొకడు సెర్బులతో.

"మా పదీ నిండాయి. ఆవిడ వెతికేది మీవాళ్ళనేగా, మీరే తీసుకోండి."

"మీవాళ్ళనీ వెతుకుతోంది కదయ్యా!"

"అందుకేగా ఎవరికీ కాదంటున్నాం!"

రెంటికీ చెడ్డ రేవడి అంటారు. పాపం ఫెన్యేర్ మూడింటికీ చెడింది. చివరికి ఒక పెద్దమనిషి నాలుగో కాలమ్ గీయించి, పైన 'మిగతావారు' అని రాయించాడు. అందులో ఒకే ఒక్క పేరు. ఏ కాలమ్ పేరునైనా ఆ కాలమ్ సభ్యులు చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మిగతావారి తరఫున ఎత్తడానికి ఆ గదిలో చెయ్యి లేదు. సరే, వచ్చే సమావేశంలో చూద్దామన్నారు, టోపీలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ సమావేశం మినిట్స్ రాసింది నేను. వచ్చే సమావేశం అజెండాలో ఆ పేరు ఎక్కించాల్సిందీ నేనే. నేను ఎక్కించలేదు. మళ్ళీ ఆ అరుపులు వినే ఓపిక లేకపోయింది. పైగా స్లావోయ్‌కానే అడిగితే నవ్వేసింది.

"వదిలెయ్ చెల్లీ. మాకు సైటెందుకు? నాకు నోటుబుక్కుంది, ఎష్రెఫ్‌కి డొక్కు కారుంది. పేరెత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడు, ఉప్పేసి ఊరగాయ పెట్టుకుంటాడా?"

నాకూ అదే కావాలి. హమ్మయ్య అనుకున్నాను.

నాలుగేళ్ళ తరవాత, ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, ఫెన్యేర్ అనే పేరు కావాలంటూ దరఖాస్తు వచ్చింది. అడిగింది స్లావోయ్‌కా కాదు, ఎవరో ఊరూ పేరూ తెలియని మగమనిషి. జాబితాలో వెతికాను, లేదు. లాంతర్లు అమ్ముకునేవాడేమో అనుకున్నానని తరవాత అందరికీ చెప్పుకున్నాను. నిజానికి నేనేమీ అనుకోలేదు. పక్కన మధ్యాహ్నానికి తెచ్చుకున్న బురెక్, మాంసం కూరిన రొట్టె, చల్లారిపోతోంది. ఆమోదం నొక్కి తినడానికి కూర్చున్నాను.

మే నెలలో స్లావోయ్‌కా మా ఆఫీసుకి వచ్చింది. మూడంతస్తులు ఎక్కి వచ్చిన డెబ్భై ఏళ్ళ మనిషి, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కాఫీ పెట్టనా అంటే వద్దంది. మా దేశంలో కాఫీ వద్దన్నారంటే ఏదో కొంప మునిగినట్టే.

"ఫాహిరా, ఫెన్యేర్ అని సైటుంది. ఎవరిదే అది?"

"మీది కాదా అక్కా?" అన్నాను. అనగానే ఫిబ్రవరిలో వచ్చిన దరఖాస్తు గుర్తొచ్చింది.

ఆమె చెప్పింది, నేను విన్నాను. పోద్‌గాయ్ అని కొండల్లో ఒక ఊరు. యుద్ధంలో ఒక జూలై నెలలో ఆ ఊరి మగవాళ్ళు పదకొండుమంది ప్రాణాలు కాచుకుందామని అడవిదారి పట్టారు. ఒక్కడూ తిరిగి రాలేదు. పోయిన శరదృతువులో ఆ పైన రోడ్డు వెడల్పు చేస్తుంటే ఒక మనిషి ఎముకలు బయటపడ్డాయి. ఇరవై ఏళ్ళ లోపు కుర్రవాడని ప్రయోగశాల వాళ్ళు తేల్చారు. ఎవరన్నది డీఎన్ఏ పోల్చి తేల్చాలంటే తల్లులు, అక్కచెల్లెళ్ళు వేలి మీద సూది గుచ్చుకుని నాలుగు చుక్కల రక్తం అట్ట మీద పెట్టాలి. ఆ ఊళ్ళో ఇరవై నాలుగేళ్ళుగా ఎవరూ పెట్టలేదు. రక్తం ఇవ్వడమంటే పోయాడని ఒప్పుకోవడమేనని వాళ్ళ బాధ. స్లావోయ్‌కా రెండేళ్ళు వాళ్ళ గడపలు తొక్కి, వాళ్ళ కాఫీలు తాగి, వాళ్ళ ఏడుపులు విని ఒప్పించింది. వసంతంలో ఇస్తామన్నారు.

ఈలోగా ఆ సైటు వచ్చింది. పైన లాంతరు బొమ్మ, కింద ఫెన్యేర్ అని పేరు. మీవాడు చివరిరోజు ఏం తొడుక్కున్నాడు, ఒంటి మీద గుర్తులేంటి, జేబులో ఏముంది, అన్నీ రాయమని ఫారం పెట్టారు. ఎక్కడెక్కడో ఉన్న మనవలు అది చూసి, ఫోనులో అమ్మమ్మల్ని అడిగి అడిగి నింపారు. కొన్నాళ్ళకి ఫోన్లు మొదలయ్యాయి. మీవాడు దొరికాడమ్మా, తవ్వకానికి ఖర్చవుతుంది, పంపండి అని.

"హైరియా అని ఒకావిడ," అంది స్లావోయ్‌కా. "డెబ్భై ఎనిమిదేళ్ళు. కొడుకు మెవ్లుదిన్, పంతొమ్మిదేళ్ళవాడు. మోచేతి దగ్గర చిరిగితే వేరే రంగు ఊలుతో అతుకేసిన స్వెట్టరు తొడుక్కుని వెళ్ళాడట. ఆ సంగతి ఆ తల్లి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మొన్న ఫారం కోసం మనవడు అడిగితే తప్ప. దొంగవెధవలు అదే స్వెట్టరు మాట ఆమెకే ఫోనులో చెప్పి, పాత రంపం మిల్లు వెనకాల ఉన్నాడన్నారు. రెండురోజులు ఒక్కతే పారతో తవ్వుకుంది ఫాహిరా. ఒక్కతే!"

నేను ఆ దరఖాస్తును కంప్యూటరు తెర మీదకి తెచ్చాను.

"నిన్న వెళ్ళాను. నా మొహాన తలుపేసింది. పదకొండు ఇళ్ళూ అంతే. ఫెన్యేర్ అంటేనే ఉమ్ముతున్నారు. ఆ ఎముకలు సంచిలో నంబరేసుకుని పడున్నాయి. చలికాలానికొక తల్లి పోతోంది. రక్తమిచ్చే చివరి మనిషి కూడా పోయాక ఆ కుర్రాడికి పేరెవరు పెడతారే?"

నేను లేచి వింకో గదిలోకి వెళ్ళాను.

"వెంటనే ఆ పేరు ఆపేయండి," అన్నాను.

"కోర్టు ఆర్డరు తెమ్మను. ఎనిమిది నెల్లు పడుతుంది," అన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"జాబితాలో ఉండుంటే?"

"ఈ క్షణమే పీకేసేవాణ్ణి. లేదుగా మరి."

"లేకపోవడానికి కారణం నేను."

"తిలా పాపం తలా పిడికెడు. తొమ్మిదిమందీ ఉన్నారు. నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావు? చట్టం చట్టమే ఫాహిరా."

నేను నా సీటుకి తిరిగొచ్చి ఆ పేరును ఆపేశాను. సైటు మాయమైంది. వింకో పరుగున వచ్చాడు.

"ఉద్యోగం పోతుందే పిచ్చిదానా!"

"పోనివ్వండి. మీరే వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి, నడుంనొప్పంటే ఏంటో తెలుస్తుంది."

ఉద్యోగం పోలేదు. సంజాయిషీ నోటీసొకటి వచ్చింది, జీతంలో కోత పడింది. ఆ దొంగ ఎక్కడో ఇంకో దేశంలో ఉన్నాడని పోలీసులు రాసుకున్నారు, అంతటితో వాళ్ళ పని అయిపోయింది. సైటయితే పోయింది గానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పోద్‌గాయ్‌లో తలుపులు తెరుచుకోలేదు. ఆ తలుపులు మూయించింది నా వేలు. నిద్ర పట్టేది కాదు. శనివారం పొద్దున్నే స్లావోయ్‌కాకి ఫోన్ చేశాను.

"అక్కా, నన్ను ఆ ఊరు తీసుకెళ్ళు."

"వచ్చి ఏం చేస్తావే?"

"తెలీదు. వస్తాను."

ఎష్రెఫ్ కారులో మూడు గంటల దారి. కొండ ఎక్కుతున్నకొద్దీ ఇంజను మూలిగింది, ఎష్రెఫ్ దాన్ని బుజ్జగించాడు, స్లావోయ్‌కా ఇద్దరినీ తిట్టింది.

హైరియా ఇల్లు ఊరి చివర. తలుపు జానెడు తెరిచింది. పొట్టిమనిషి, తల మీద తెల్లటి గుడ్డ, చేతికి పిండి. స్లావోయ్‌కాని చూసి మళ్ళీ మూయబోయింది.

"పెద్దమ్మా, నేను ఫెన్యేర్ మనిషిని కాదు," అన్నాను గబగబా. "సరయేవోలో పేర్లిచ్చే ఆఫీసు నాది. ఆ దొంగకి ఆ పేరిచ్చింది నేనే."

తలుపు ఆగింది.

"నువ్వా?"

"నేనే."

"ఎందుకిచ్చావ్?"

చెప్పాను. గడప బయట నిలబడి అంతా చెప్పాను. తొమ్మిదిమంది, మూడు కాలమ్‌లు, నాలుగో కాలమ్, అజెండాలో నేనెక్కించని పేరు, చల్లారిపోతున్న బురెక్ కూడా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి నాకు హక్కు లేదని ఆపుకున్నాను. పక్కింటి కిటికీలో తెర కదిలింది. అక్కడొక ముసలామె నిలబడి వింటోంది.

హైరియా పిండి చేత్తోనే తలుపు ఇంకాస్త తెరిచింది.

"మా ఊరికి మంత్రులొచ్చారు," అంది. "పేపరువాళ్ళొచ్చారు, దండలు పట్టుకుని వచ్చారు, కెమెరాలు పట్టుకుని వచ్చారు. అందరూ తప్పు అవతలోడిదన్నారు. నాది తప్పు అని నా గుమ్మంలోకొచ్చి చెప్పినదానివి నువ్వొక్కదానివే. రా లోపలికి. చెప్పులు విప్పు."

విప్పాను. స్లావోయ్‌కా కూడా విప్పబోతే హైరియా చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు. ఎష్రెఫ్ కారు దగ్గరే ఉండిపోయాడు, మేం ముగ్గురం పొయ్యి పక్కన కూర్చున్నాం. హైరియా కాఫీ కాచింది. పొంగనివ్వలేదు.

"స్వెట్టరు సంగతి అడగవా?" అంది స్లావోయ్‌కాతో, కొంచెం ఎత్తిపొడుస్తున్నట్టు.

"నేనెప్పుడూ అడగలేదు హైరియా. రెండేళ్ళలో ఒక్కసారైనా అడిగానా? ఆ గుర్తులు నీవి. నీ దగ్గరే ఉంచుకో. నాకు నాలుగు చుక్కలు చాలు."

హైరియా వేలు చాచింది. పిండి తుడుచుకోవడం మరిచిపోయింది, నేనే తడిగుడ్డతో తుడిచాను. స్లావోయ్‌కా సూది గుచ్చింది, అట్ట మీద నాలుగు ఎర్రటి చుక్కలు పడ్డాయి. హైరియా వాటిని చూసి, "పంతొమ్మిదేళ్ళు పెంచాను వాణ్ణి. నాలుగు చుక్కల్లో తెలుస్తాడా?" అని అడిగింది. స్లావోయ్‌కా అట్టను ఆరబెట్టి కవరులో పెట్టింది.

వెళ్ళేముందు స్లావోయ్‌కా ఊళ్ళోవాళ్ళ మాట ఎత్తబోయింది. హైరియా మధ్యలోనే ఆపేసింది.

"నా సంగతి నాది. వాళ్ళకు నేనేం చెప్పను? ఒకసారి దొరికాడని నేను చెబితేగా ఆ పక్కింటి జుమ్రా, ఆ మిగతావాళ్ళు కూడా వెధవలకి డబ్బులు పంపింది. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని చెప్పను? ముందు నా కబురు తేండి. ఫోన్ మాత్రం చెయ్యకండి. ఫోనంటే నాకు గుండె ఆగిపోతుంది. మీరే స్వయంగా రండి."

ఆరువారాలు గడిచాయి. ఆ ఆరువారాల్లో నేను నమాజు చేయడం మళ్ళీ మొదలుపెట్టాను. వాడే అయ్యుండాలి, మెవ్లుదినే అయ్యుండాలి అని వేడుకున్నాను. తరవాత, ఒక తల్లి కొడుకు చావాలని వేడుకుంటున్నానా అని నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా వేడుకుంటూనే ఉన్నాను. వాడయితే ఆమెకు సమాధి దొరుకుతుంది, స్లావోయ్‌కా పేరు నిలబడుతుంది, ఊరు తలుపు తెరుస్తుంది. నా తప్పు కాస్తయినా కడుక్కున్నట్టవుతుంది. ఎంత స్వార్థమో చూడండి.

ప్రయోగశాల నుంచి కాగితం వచ్చింది. కాదు. ఆ ఎముకలు హైరియా కొడుకువి కావు.

మళ్ళీ ఎష్రెఫ్ కారు, మళ్ళీ అదే కొండ. సగం దారిలో నేనే నోరు జారాను.

"అక్కా, ఇంకా పరీక్ష నడుస్తోందని చెబుదాం. ఈలోగా మిగతావాళ్ళు రక్తం ఇచ్చేస్తారు. అప్పుడు నెమ్మదిగా..."

"కారాపు ఎష్రెఫ్," అంది స్లావోయ్‌కా.

ఎష్రెఫ్ పక్కకి తీసి ఆపాడు. ఆమె వెనక్కి తిరిగింది. అంత కోపంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

"ఆ దొంగ చేసిందేంటి? వాళ్ళకు కావాల్సిన మాట చెప్పాడు. ఇప్పుడు నువ్వు నన్నూ అదే చెయ్యమంటున్నావు. అబద్ధం చెప్పి నిలబెట్టుకునే పేరు నాకొద్దే. పోతే పోనీ. ఇంటికెళ్ళి పూలమొక్కలకి నీళ్ళు పోసుకుంటాను."

"తప్పయిపోయిందక్కా," అన్నాను.

"నీ తప్పులతో చస్తున్నాను. పోనియ్ ఎష్రెఫ్."

హైరియా గుమ్మంలోనే ఉంది. కారు శబ్దం కిందనుంచే విన్నదట. మా మొహాలు చూసి చేతిలో చీపురు గోడకి ఆనించింది.

స్లావోయ్‌కా ఎదురుగా నిలబడి, తిన్నగా కళ్ళలోకి చూసి చెప్పింది.

"హైరియా, వాడు కాదు. ఆ కుర్రాడు మీవాడు కాదు. మెవ్లుదిన్ ఎక్కడున్నాడో మాకు తెలీదు. నీ రక్తం అక్కడే ఉంటుంది, ఎప్పుడు ఎవరు దొరికినా పోల్చి చూస్తారు. ఇంతే చెప్పగలను. క్షమించు."

హైరియా మెల్లగా గడప మీద కూర్చుంది. ఏడవలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. అయిపోయింది, ఇక ఈ ఊళ్ళో ఎవరూ మా మొహం చూడరు అనుకున్నాను. స్లావోయ్‌కా ఆమె పక్కన గడప మీదే కూర్చుంది. నాకు చోటు లేక నిలబడ్డాను. కోళ్ళు తిరుగుతున్నాయి.

"మరి ఎవరి కొడుకు?" అంది హైరియా.

"తెలీదు. మీ పదకొండుమందిలో ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా కావచ్చు, వేరే ఊరివాడైనా కావచ్చు."

"వాడొక్కడే ఉన్నాడన్నమాట. ఆ సంచిలో."

"ఒక్కడే."

హైరియా స్లావోయ్‌కా భుజం పట్టుకుని లేచింది. తలగుడ్డ సర్దుకుంది. మమ్మల్ని రమ్మని కూడా అనకుండా పక్కింటి మెట్లెక్కింది. మేం వెనకే వెళ్ళాం. కిటికీలో తెర గబుక్కున పడింది. హైరియా అరచేత్తో తలుపు దబదబా బాదింది.

"జుమ్రా! తలుపు తియ్యవే, ఇంట్లోనే ఉన్నావని తెలుసు."

"వాళ్ళని పంపెయ్," అంది లోపలి గొంతు. "ఫెన్యేర్ అని చెప్పి మన కొంపలు ముంచింది చాలలేదా? వీళ్ళు అసలువాళ్ళని నీకెలా తెలుసు? మళ్ళీ దొరికాడని చెప్పారా నీకు?"

హైరియా తలుపు మీద చెయ్యి అలాగే ఆనించి ఉంచింది.

"లేదు జుమ్రా," అంది. "దొరకలేదని చెప్పారు. మూడు గంటలు ప్రయాణం చేసి, నా ఎదురుగా నిలబడి, వాడు కాదని చెప్పారు. అసలువాళ్ళు వీళ్ళే. తియ్యి."

లోపల గడియ తీసిన చప్పుడైంది.